మూడోసారి అనని గుమ్మడికాయ

కౌల్ బజార్‌లో సాలొమోను ఆ ఉదయం చన్నీళ్ళు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అందరికన్నా ముందు చర్చికి చేరాలనుకున్నాడు. కోత పండుగనాడు సంఘస్థులు తెచ్చిన కాయలను, కోళ్ళను ఏళ్ళుగా వేలం వేసేది అతనే. ఈసారి తాను వేస్తానని అదే సంఘంలోని కెన్నెత్ అడుగుతున్నాడు. సండూరు గనుల ఖనిజం తోలే లారీలు కొన్నప్పటినుంచి కెన్నెత్ అన్నీ అడుగుతున్నాడు.

రెండో చెంబుకే రొమ్ము పట్టేసింది. సాలొమోను గోడ పట్టుకున్నాడు.

"ఇది గుండె నొప్పే!" అని భార్య దీనమ్మ కేక పెట్టింది.

"గుండె గాదు, రాత్రి తిన్న మిర్చి. చొక్కా ఇయ్యి."

ఆమె చొక్కా ఇవ్వలేదు. ప్రార్థన చేయమని పాస్టరుకు ఫోన్ చేసింది. ఆయన ఆరాధనలో ప్రకటించాడు. జబ్బుపడినవాళ్ళ ఇంటికి వెళ్ళి ప్రార్థించడం ఆ సంఘం వాడుక. సంఘమంతా లేచి వచ్చింది. మంచం చుట్టూ నిలబడినవాళ్ళలో ఎవరో సమాధుల దగ్గర పాడే పాట అందుకున్నారు.

"నేనింగా బతికే ఉండానప్పా! పాట నిలపండి. వేలానికి పొద్దు పోతాంది."

"దాని చింత వద్దు. కెన్నెత్ చూసుకుంటాడు" అన్నాడు పాస్టరు.

"లారీలు కొంటే గొంతు వస్తాదా అయ్యగారూ?" అంటూ లేవబోయి సాలొమోను మళ్ళీ రొమ్ము పట్టుకున్నాడు.

కెన్నెత్ అతణ్ణి తన జీపులో ఆసుపత్రికి పంపి, తాను చర్చికి వెళ్ళాడు. ఆసుపత్రి చేరేసరికి సాలొమోనుకు నొప్పి పోయింది. ఇసిజిలో ఏమీ కనబడలేదు. ఇంకొంతసేపు ఉండాలని డాక్టరు యశోద చెప్పింది.

"మిర్చి అని చెప్తానే ఉండా!" అంటూ సాలొమోను ఆటో ఎక్కాడు.

చర్చి ముందు కెన్నెత్ బల్లెక్కి గుమ్మడికాయ ఎత్తి చూపుతున్నాడు. తనే వేలంపాట పాడి, మూడోసారి అనకుండానే కాయను పక్కన పెట్టుకున్నాడు.

"వేలం వేసేటోడే పాడుకుంటాడా? మూడోసారి అనకుండా యాడన్నా వేలం కొడతారా? ఏంది ఈ అన్యాయం?"

నాలుగో మాట రాలేదు. సాలొమోను ఉల్లిగడ్డల మూటల మీద కూలబడ్డాడు.

మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసారి ఇసిజిలో తేడా దొరికింది. గుండె రక్తనాళాలు పరీక్షిస్తే మాత్రం ఎక్కడా అడ్డు లేదు.

"అట్లయితే మిర్చే గదా?" అన్నాడు సాలొమోను.

"కాదు, గుండె జబ్బే. అడ్డు లేకపోయినా రక్తనాళం ఉన్నట్టుండి బిగుసుకుంటోంది. ఇట్లాంటివి తక్కువ. కొందరికి చన్నీళ్ళు చాలు, కొందరికి కోపం చాలు. మీకు రెండూ" అంది డాక్టరు. "మాత్రలు వాడండి. కోపం తెచ్చుకోవద్దు."

"చూస్తివా?" అంది దీనమ్మ.

అప్పుడే కెన్నెత్ గుమ్మడికాయతో లోపలికి వచ్చాడు. "నీకే అన్నా. నీ పేరు మీదనే పాడినా."

సాలొమోను కాయను వేలితో తట్టి చూశాడు.

"మూడోసారి అన్నావా?"

"లేదన్నా."

నర్సు ఇసిజి యంత్రాన్ని మళ్ళీ మంచం దగ్గరికి జరిపింది.