పన్నెండు వందల సార్లు పడ్డ మనిషి

ఆ ఉదయం పని చిన్నది. పదకొండింటికి కమిటీ వస్తుంది. పరిశోధకురాలు చాప మీద పడుతుంది. గోడ మీది కెమెరా చూసి, తెర మీద "మనిషి పడిపోయారు" అని రాస్తుంది. కమిటీ టీ తాగి వెళ్తుంది. ఇది కుదరకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది, శాస్త్రవేత్త ఉద్యోగుల హాజరు వేసే కెమెరాలు బాగుచేసే సెక్షనుకు మారాలి. ఆ గది ఆయన ముందే చూసి వచ్చాడు. కిటికీ లేదు.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు పడిపోతే ఆసుపత్రికీ ఇంటివాళ్ళకీ కబురు పంపే కెమెరా అది. దానికి నేర్పాలంటే పడేవాళ్ళ వీడియోలు కావాలి. ల్యాబులో అందరికీ నడుం నొప్పి ఉన్నట్టు ఆ వారమే బయటపడింది. అటెండరు ఒక్కడే ఒప్పుకున్నాడు. రెండు నెలల్లో వెల్లకిలా, బోర్లా, పక్కకి, మొత్తం పన్నెండు వందల సార్లు పడ్డాడు. నిలబడే వీడియోలు మిగతావాళ్ళు ఇచ్చారు. పరీక్షలన్నిట్లోనూ అటెండరే పడ్డాడు, కెమెరా ఒక్కసారీ తప్పలేదు. కబురు పంపాల్సిన ఇంటివాళ్ళ నంబరు గడిలో కూడా ఆయన భార్య నంబరే రాశారు.

కమిటీ వచ్చింది. "ఉత్తుత్తి ప్రదర్శన వద్దు. ఆసుపత్రికి నిజంగానే కలపండి" అన్నాడు చైర్మన్. కలిపారు. పరిశోధకురాలు పడింది. తెర మీద "అంతా క్షేమం" అని వచ్చింది.

"అమ్మాయి పడిందిగా?"

"పడిందండీ."

"మరి కెమెరా?"

"ఆలోచిస్తోందండీ" అన్నాడు శాస్త్రవేత్త.

ఆమె లేచి, ఈసారి చప్పుడయ్యేలా పడింది. అంతా క్షేమం.

అప్పుడే తలుపు తోసుకుని అటెండరు టీ ట్రేతో వచ్చాడు. బజరు మోగింది. తెర ఎర్రబడింది. "మనిషి పడిపోయారు."

"నేను పడలేదండీ" అని అటెండరు తెరకే సంజాయిషీ చెప్పుకున్నాడు.

పరిశోధకురాలు చాప మీంచే గొంతు తగ్గించి అంది. "సార్, పడ్డ వీడియోలన్నీ ఈ బాబాయివే. ఇది పడడం నేర్చుకోలేదు. బాబాయిని నేర్చుకుంది."

అటెండరు ఫోను మోగింది. ట్రే ఒక చేతిలోకి మార్చి ఎత్తాడు. అవతల భార్య.

"ఎక్కడ పడ్డావు?"

"పడలేదే. నిలబడే ఉన్నా."

"పడ్డావని ఆఫీసు నుంచే మెసేజి వచ్చింది. నీ మాట నమ్మనా, వాళ్ళ మాట నమ్మనా? కదలకు, వస్తున్నా."

ఆమెకన్నా ముందు అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రి పక్క వీధిలోనే. ఇద్దరు మనుషులు స్ట్రెచరుతో లోపలికొచ్చి తెర చూశారు, అటెండరును చూశారు.

"పడుకోండి."

"నాకేం కాలేదు బాబూ."

"తలకి తగిలినవాళ్ళంతా అదే అంటారు. పడుకోండి."

ఒకడు భుజాలు పట్టుకున్నాడు, ఇంకొకడు కాళ్ళు. ట్రే ఎవరూ పట్టుకోలేదు. ఆరు కప్పుల టీ నేల మీదికి పోయింది. "ఏమిటీ గోల?" అంటూ చైర్మన్ లేచి, రెండడుగులు వేసి, జారి వెల్లకిలా పడ్డాడు. మడమ దగ్గర ఏదో విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినపడింది.

అటెండరును దించి చైర్మన్‌ను ఎక్కించారు. సరిగ్గా అప్పుడే అటెండరు భార్య వచ్చి, ఆయన్ని కెమెరా ఎదుట నుంచి బయటికి తీసుకుపోయింది. తెర మీద "అంతా క్షేమం" అని పడింది. శాస్త్రవేత్త దానికి అడ్డంగా నిలబడ్డాడు. తర్వాత తన గదికి వెళ్ళి పుస్తకాలు అట్టపెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజున ఉత్తరం వచ్చింది. కాలికి కట్టుతో మంచం మీంచి చైర్మన్ స్వయంగా రాయించాడు. "నేను కింద పడేసరికి స్ట్రెచరు నా పక్కన ఉంది. లెక్క చూస్తే, కెమెరా నాలుగు నిమిషాల ముందే ఆసుపత్రికి కబురు పంపింది. నా సర్వీసులో ఇలాంటి యంత్రం చూడలేదు. ప్రాజెక్టు మూడేళ్ళు పొడిగిస్తున్నాం."

శాస్త్రవేత్త ఉత్తరం రెండుసార్లు చదివి, ఫైలు తీసి, "పడిన మనిషిని కనిపెట్టే కెమెరా" అన్న ప్రాజెక్టు పేరులో "పడిన" అన్న మాట కొట్టేసి "పడబోయే" అని రాశాడు.