రామనర్సయ్య పంతులు గోదురుకప్పల దవాఖాన

శనివారం పొద్దున రామనర్సయ్య పంతులు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, గోదురుకప్ప పిల్లలకు చెదపురుగులు వేయాలి, సద్దన్నం తిని బడికి పోవాలి. అందులో స్నానం ఒక్కటే సవ్యంగా జరిగింది. కొట్టుగదిలో గోలెం మూత తీసేసరికి, బొటనవేలి గోరంత ఉన్న పన్నెండు పిల్లలూ ఓ మూలకు ముడుచుకొని ఉన్నాయి. చెదలు వేస్తే ముట్టలేదు. వేలితో తట్టితే కదల్లేదు. పంతులుకు కాళ్ల కింద భూమి కదిలింది.

కదలదా మరి! పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది కావస్తోంది, సూర్యాపేట బడిలో ఆయన కొలువు ఇంకా టెంపరరీయే. మంగళవారం బడుల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. గుడ్డు మొదలు గోదురుకప్ప దాకా బతికున్న పాఠం చూపిస్తానని, ఎవరూ అడక్కుండానే, పంతులు అర్జీలో రాసి పంపాడు. చూపిస్తే కొలువు పర్మనెంటు. చూపకపోతే పెన్‌పహాడ్‌లో అన్నగారి పొలంలో కలుపు తీయడమే.

అదృష్టం బాగుండి, మిర్యాలగూడ పశువుల దవాఖాన కాంపౌండరు లాజరు ఆ పొద్దున అంగడికి వచ్చాడు. పంతులు ఆయన్ని రెక్క పట్టుకొని ఇంటికి లాక్కొచ్చాడు.

"ఎడ్లకైతే గొట్టంతోని మందు పోస్త. వీటికేం పోయాలె సారూ?" అంటూనే లాజరు గోలెంలోకి తొంగి చూశాడు. "అరె, గిన్ని నీళ్లల్ల ఉంచిన్రా? కంపు కొడుతున్నయ్. ఒక్కోదాన్ని ఒక్కో మూకుట్ల, తడి ఇసుకల వెట్టున్రి. సీకటి, సల్లదనం ఉండాలె, సప్పుడు ఉండొద్దు. పొగ అసలే తగలొద్దు, ఇవి తోలుతోని గూడ గాలి పీలుస్తయ్. మంగళారానికి తేరుకుంటయ్."

పంతులు ఏ పనైనా మొదలుపెడితే సగంలో ఆపే మనిషి కాదు. పన్నెండు కొత్త మూకుళ్లు కొనుక్కొచ్చాడు. చల్లదనం కోసం వాకిట్లో వేపమండలు గుత్తులుగా కట్టాడు. క్రిములు చావాలని గడప పొడవునా పసుపునీళ్లు చల్లాడు. పొగ రాకుండా ఇంట్లో తాళింపు బందు పెట్టాడు. నాలుగు రోజులుగా మాసిన గడ్డం గీసుకునే తీరిక కూడా లేకపోయింది. లాజరు చెప్పినదానికి సొంత తెలివి బాగానే కలిపాడు.

ఆయన భార్య ఆండాళుకు సిగ్గుతో ప్రాణం పోతోంది. "కప్పలకు సాకిరి చేస్తున్నరని తెలిస్తే వాడకట్టుల నా మొకం ఎట్ల సూపియ్యాలె? ఎవలకు సెప్పొద్దు, నా మీదొట్టు" అని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది.

ఎదురింటి దుర్గమ్మ బిందెతో పోతూ పోతూ ఆగింది. వేపమండలు చూసింది, పసుపునీళ్లు చూసింది. తాళింపు వాసన రాలేదు. పంతులు గడ్డం మాసి ఉంది. ఆ రోజుల్లో ఈ నాలుగూ ఒక్కచోట కనబడితే పసిపిల్లాడైనా చెప్పేస్తాడు, ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని. మశూచి అన్నమాట.

"లోపల పానం బాగలేదా బిడ్డా?"

"ఏం లేదు పెద్దమ్మా, మూడు దినాలల్ల తగ్గుతది. నువ్వు లోపలికి రాకు" అంది ఆండాళు నేల చూపులు చూస్తూ.

దుర్గమ్మ చెంపలు వేసుకొని, గడపకు దణ్ణం పెట్టి వెనుదిరిగింది. ఆ పేరు నోటితో అనకూడదు కాబట్టి ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. వేపమండలవైపు చెయ్యి చూపించింది, అంతే. అరగంటలో వాడంతా తెలిసిపోయింది.

మధ్యాహ్నానికి గడప ముందు ఏడు పెరుగన్నం ముంతలు చేరాయి. సాయంత్రానికి ఊరి డప్పు కొట్టే మైసయ్య అమ్మవారి కోసమని వచ్చి రెండు దరువులు వేశాడో లేదో, పంతులు చేతులు జోడించుకొని బయటికి ఉరికాడు.

"నీకు దండం వెడత మైసయ్యా, సప్పుడు జేయకు! లోపల పన్నెండు పానాలు కొట్టుకుంటున్నయ్!"

"పన్నెండా!" అంటూ మైసయ్య డప్పు అక్కడే పడేసి పరుగెత్తాడు. ఇద్దరే ఉండే ఇంట్లో పన్నెండుమంది ఎక్కడినుంచి వచ్చారని ఒక్కరూ అడగలేదు.

ఆదివారం సగం వాడ ఎడ్లబండ్లెక్కి కోదాడ చుట్టాలిళ్లకు పోయింది. సోమవారం హెడ్మాస్టరు బడికి తాళం వేశాడు. అదే రోజు కోదాడలో తనిఖీ చేస్తున్న ఇన్‌స్పెక్టరు బండ్లు దిగిన జనం నోట సంగతి విని, తన జాబితాలోంచి సూర్యాపేట పేరు కొట్టేశాడు. కబురు తెలిసి పంతులు మూకుళ్ల మధ్య కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మంగళవారం ఇన్‌స్పెక్టరుకు బదులు టీకాల అధికారి జైరాం ఆరుగురు మనుషులతో దిగాడు. మొన్నటిదాకా టీకాల పెట్టె కనబడితే జొన్నచేలల్లో దాక్కున్న జనం, ఆవేళ ఒకరినొకరు తోసుకుంటూ వరుస కట్టారు. దుర్గమ్మ రెండు చేతులూ చాపి రెండింటికీ వేయమంది. పొద్దు గుంకేలోగా ఎనిమిది వందల టీకాలు పడ్డాయి. అప్పుడు జైరాం ముక్కుకు గుడ్డ కట్టుకొని పంతులు ఇంటికి వచ్చాడు.

"రోగులేరి?"

పంతులు భార్యవైపు చూశాడు. "ఇగ సెప్పున్రి, కొలువెట్లనూ పాయె!" అంది ఆండాళు.

కొట్టుగది తలుపు తెరుచుకుంది. పన్నెండు మూకుళ్లలో పన్నెండు గోదురుకప్ప పిల్లలు నిగనిగలాడుతూ చెదల్ని లటుక్కున మింగుతున్నాయి. ఒకటి ఎగిరి అధికారి బూటు మీద కూర్చుంది.

"గియ్యా రోగులు?"

"అవ్ సార్. ఒక్కటి గూడ సావలే" అన్నాడు పంతులు. అంత కష్టంలోనూ ఆయనకు గర్వం ఆగలేదు.

జైరాం బూటు విదిలించి, తలుపు దగ్గరకు వేశాడు. "కప్పల కోసం ఆరుగురు మనుషుల్ని తోలుకొచ్చిన్నని తెలిస్తే నా నౌకరి ఖతం. నువ్వు నోరు మూసుకో. కాగితం నేను రాస్త."

రాశాడు. ఒకే ఇంట పన్నెండు కేసులు. రామనర్సయ్య పంతులు ఒంటరిగా సేవ చేశాడు. పన్నెండూ కోలుకున్నాయి, మరణాలు లేవు, టీకాలు ఎనిమిది వందలు. అందులో ఒక్క అబద్ధం లేదు. కప్ప అన్న మాటే లేదు.

పదిహేను రోజులకు, ఆ కాగితం చూసిన పై ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. పంతులు తనలో తాను రెండుసార్లు చదువుకున్నాడు.

"పర్మనెంటేనా?" ఆండాళు ఆత్రంగా అడిగింది.

"పర్మనెంటే. కాని బడిల గాదు." పంతులు కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "మిర్యాలగూడ అవతల మశూచి రోగుల షెడ్డు కట్టిన్రట. దానికి నేనే ఇన్‌చార్జి."

ఆ కొలువుకు జిల్లా మొత్తం మీద ఒక్కరు కూడా అర్జీ పెట్టలేదట, పంతులుతో సహా.