దేవరాజులుగారు కాల్చిన స్టేషన్

గుండ్రాజుపాళెం ప్రజలకు తెలియజేయడమేమనగా, నలభైరెండు ఆగస్టులో మన రైల్వే స్టేషన్‌ను కాల్చి బూడిద చేసిన వీరుడు దేవరాజులుగారిని సన్మానించడానికి మద్రాసు నుంచి మంత్రిగారు వచ్చి, అదే స్టేషన్‌లో రైలు దిగుతారు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు తలారి ఈ మాట తప్పెట కొట్టి చాటుతుంటే, తాలూకా కమిటీ ప్రెసిడెంటు దేవరాజులుగారికి కళ్ళు చెమర్చాయి. దేశం కోసం పాటుపడ్డవాళ్ళకు సర్కారు ఐదెకరాలు ఇస్తోంది. మంత్రిగారు ఒక్క మాట అంటే చాలు. చిక్కల్లా ఒకటే: స్టేషన్ చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

"ఆ ఆగస్టులో నువ్వు ఈ బెంచీ మిందే కూసోని నా వడలు తింటా వుంటివి కదప్పా? అత్తగారింటికి పొయ్యే రైలు లేటని తిట్టినావు గూడా," అంది ప్లాట్‌ఫారం మీద వడలమ్మే గురవమ్మ.

"తిట్టింది ఎవురి రైలును మే? తెల్లోడి రైలునే గదా! అదీ పోరాటమే!"

ఆయన తిన్నగా స్టేషన్ మాస్టరు సంపత్కుమార్ గదిలోకి వెళ్ళారు.

"సామీ, ఒక్క మూల రవంత కాల్చుకుంటాను."

"తెల్లవాళ్ళు ఉన్నప్పుడు వచ్చింటే అగ్గిపెట్టె నేనే ఇచ్చింటాను. ఇప్పుడిది మన ఆస్తి దేవరాజులూ! కాల్చాలంటే పైనుంచి పర్మిషన్ రావాల."

చట్టాన్ని గౌరవించే విప్లవకారుడు గనక దేవరాజులుగారు కాల్చలేదు. గురవమ్మ బాణలి అడుగు మసి, ఊళ్ళోని కుండలన్నిటి మసి గీకించి, ఆముదంలో కలిపించి, సున్నం కొట్టే ఎల్లప్ప చేత గోడలకూ దూలాలకూ పూయించారు.

"మంట పైకి గదరా పొయ్యేది! మసి గూడా పైకి ఎగదువ్వు!" అని దగ్గరుండి చరిత్రను సరిదిద్దారు.

మంత్రిగారు దిగారు. గోడ చూసి చేతులు జోడించారు. "ఈ నలుపులోనే మన స్వరాజ్యం పుట్టింది!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన వెంట వచ్చిన రైల్వే ఇంజినీరు మాత్రం కప్పు వైపు చూశాడు.

"దూలాలు కూడా కాలినాయా? అయితే దీని కింద మనుషులు నిలబడకూడదు. స్టేషన్ మూసెయ్యాల. నిజం చెప్పండి, కాలిందా, ఉత్త మసా?"

చప్పట్లు ఆగిపోయాయి. గురవమ్మ గంప చంకన పెట్టుకుని ముందుకొచ్చింది.

"చెప్పప్పా, నీకు పుణ్యముంటాది."

దేవరాజులుగారి కళ్ళముందు ఐదెకరాల వరి పచ్చగా ఊగింది. గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు.

"నేనే కాల్చినాను సార్. దూలాలతో సహా!"

ఆ నెల తిరక్కముందే స్టేషన్‌కు తాళం పడింది. రైలు ఒక కూత వేసి, ఆగకుండా పోసాగింది. గురవమ్మ గంప నెత్తిన పెట్టుకుని పక్క స్టేషన్‌కు నడక మొదలుపెట్టింది. తర్వాత బోర్డు పీకేశారు. తలుపులూ పెంకులూ దూలాలూ ఏమైనాయో ఊళ్ళోని కొత్త పశువుల కొట్టాలకు తెలుసు.

భూమి విచారణకు తాసిల్దారుగారు ఎద్దులబండిలో వచ్చి, ఒళ్ళు హూనమై, నడుం పట్టుకుని దిగారు.

"ఏమప్పా, ఈ ఊరికి రైల్వే స్టేషన్ లేదా?"

"లేదు సామీ," అన్నారు జనమంతా.

"అయితే ఇంక విచారించేదానికి ఏముండాది?" అంటూ ఆయన ఐదెకరాల పట్టా మీద సంతకం పెట్టేశారు.