సైటు బాగుచేయడంపై నా పన్నెండో ప్రసంగం

వెబ్‌సైటు పుట్టింది పనిచేయడానికి కాదు, ఎంత బాగా పనిచేస్తోందో నలుగురికీ చెప్పుకోవడానికి. ఈ సత్యాన్ని నేను మూడు రాష్ట్రాల్లో, పదకొండు సభల్లో, ఒకసారి జ్వరంతో కూడా నిరూపించాను.

నా పేరు రిచర్డ్. మధురవాడలో ఒక కంపెనీలో ఉద్యోగం. అయిదేళ్ల కిందట మా చర్చి యువజనులం కలిసి విశాఖలోని రక్తదాతల కోసం ఒక సైటు కట్టాం. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో కట్టాం. అంటే దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకుని, విప్పి, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. (విప్పేవాళ్లకు కొదవలేదు. బిగించేవాళ్ల కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం.) నాలుగు వందల పన్నెండు మంది పేర్లిచ్చారు. మొదట్లో ఆ సైటు తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు పట్టేది. నేను వారం రోజులు కూర్చుని రెండు సెకన్లకు దించాను. ఆ వారం గురించి నాలుగున్నరేళ్లుగా మాట్లాడుతున్నాను. మాట్లాడే తీరిక కోసం సైటు పని మానుకోవలసి వచ్చింది.

ఈ ఏడాది ఓపెన్ సోర్స్ వాళ్ల సభ మా మధురవాడలోనే, ఒక కాలేజీ ఆడిటోరియంలో పెట్టారు. గేటు పక్కన నా ఫ్లెక్సీ కట్టారు. కింద ‘రక్తదాతల సైటు రూపకర్త’ అని రాశారు. అందులో నేను చేతులు కట్టుకుని నవ్వుతుంటాను. (ఈ సభల్లో వక్తలందరూ చేతులు కట్టుకునే ఫొటో దిగుతారు. మేం ఏ పనీ చేయడం లేదనడానికి అంతకుమించిన రుజువు లేదు.)

సభాధ్యక్షులు గురునాథరావు గారు ఇరవై మూడు నియమాలు రాశారు. మూడో నియమం ప్రకారం వక్తలు ఫోన్ల నోరు నొక్కాలి. ఏడో నియమం ప్రకారం వేదిక మీద అసలు సైటు తెరవకూడదు, దాని ఫొటోలే చూపాలి. (ఒకాయన తెరిచాడు. ఇప్పుడు రియల్ ఎస్టేట్‌లో ఉన్నాడు.) పన్నెండో నియమం ప్రకారం ప్రశ్న అడిగేవారు ప్రశ్నే అడగాలి.

పదకొండు గంటలకు నా ప్రసంగం మొదలైంది. తొమ్మిది నుంచి రెండుకు జారే గీత తెరమీదికి రాగానే చప్పట్లు కొట్టారు. అక్కడ ఆగి నీళ్లు తాగాలని నా కాగితంలో రాసుకున్నాను. తాగాను. తర్వాత ప్రశ్నలు అడగమన్నారు.

మైకు దగ్గర ముప్ఫై అయిదేళ్ల మనిషి నిలబడ్డాడు. ఒంటిమీద స్టీల్ ప్లాంటు కాంట్రాక్టు కార్మికుల చొక్కా, మెడలో సభ ఇచ్చిన కార్డు. యాప్‌లో పేరు, భోజనం శాకాహారమా మాంసాహారమా, టీషర్టు కొలత నమోదు చేస్తేగానీ అతన్ని లోపలికి వదలలేదని తర్వాత తెలిసింది.

“బాబూ, రిచర్డంటే మీరేనా?”

“నేనే, చెప్పండి.”

“నా పేరు సన్యాసిరాజండి, మాది దువ్వాడ. మా ఇంటిదాన్ని కాన్పుకి ఈ రోడ్డులో ఆస్పత్రికే తెచ్చేం. ఆపరేసనంట. బి నెగెటివ్ రత్తం కావాలన్నారు. మీ సైటు పొద్దున్నుంచి తిరగతానే ఉంది. కింద మీ నంబరుంటే పన్నెండుసార్లు సేసేను. ఎత్తలేదు. బయట మీ బొమ్మ సూసి వచ్చేను.”

సభ హోరెత్తింది. ఇదంతా నేనే ఏర్పాటు చేశాననుకుని కొందరు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

గురునాథరావు గారు చెయ్యెత్తారు. “రాజుగారూ, ఇందులో ప్రశ్న ఏది?”

సన్యాసిరాజు ఆయన వైపు తిరిగాడు. “రత్తం ఎక్కడుందండీ?”

“ఇది ప్రశ్నే,” అని గురునాథరావు గారు అనుమతించారు.

నేను ఏడో నియమం ఉల్లంఘించి సైటు తెరిచాను. మూడు వందల మంది ముందు అది తిరగడం మొదలుపెట్టింది. నా రెండు సెకన్లు నా లాప్‌టాప్‌లో దాచుకున్న నకలువి. అసలుది తెరుచుకునేసరికి ఒకాయన వెళ్లి టీ తెచ్చుకున్నాడు. బి నెగెటివ్ పేర్లు అయిదు కనిపించాయి. వాటిని రాసుకుని, ప్రసంగం అక్కడే వదిలేసి, వేదిక దిగాను.

వరండాలో నిలబడి సన్యాసిరాజు ఫోను నుంచే ఒక్కొక్కరికీ చేశాను. మొదటి నంబరు వాడుకలో లేదు. రెండో ఆయన బెంగళూరులో ఉన్నాడు. మూడో ఆయన ఎత్తలేదు. నాలుగోది ఒకావిడ ఎత్తింది.

“శ్రీరామ్మూర్తి గారున్నారాండీ? రక్తం కోసం.”

“ఆయన పోయి రెండేళ్లయింది బాబూ. పేరు తీసెయ్యమని మీ సైటులో రెండుసార్లు రాసేను. మీ స్పందనకు ధన్యవాదాలు అనొచ్చింది.” అంతలోనే ఆవిడే అడిగింది. “ఎవులికి కావాల?”

“కాన్పు అమ్మా.”

“అయ్యో. ఆయనుంటే వచ్చీవోరు.”

పేరు సవరించుకునే ఆ ఫారాన్ని పదకొండు సభల్లో ఆదర్శంగా చూపించాను. ఆవిడను క్షమించమని అడిగాను, అది నాకే వినిపించలేదు. మైకు లేకపోవడం వల్ల అనుకున్నాను.

అయిదో నంబరు నొక్కాను. నా జేబులో ఫోను వణికింది. సైటు కట్టిన కొత్తలో పరీక్ష కోసం నేనే ఎక్కించిన ఉత్తుత్తి పేరది. సన్యాసిరాజు నా జేబు వైపు చూశాడు. తిడితే బాగుండునని నాకనిపించింది.

“ఇప్పుడేటి సేద్దాం బాబూ?” అన్నాడు అంతే.

అతని బండెక్కి ఆస్పత్రికి వెళ్లాం. రక్తనిధి గదిలో దీవెనమ్మ అనే ఉద్యోగిని ఉంది. యాభై దాటిన మనిషి. ఆవిడ అప్పుడే డ్యూటీకి వచ్చిందట. సంగతి విని, సొరుగులోంచి ఒక పొడుగాటి నోట్‌బుక్కు తీసింది. పేర్లన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పేజీలో వాళ్లకి ఫోన్లు చేసి, ఊళ్లో ఉన్నారా, ఒంట్లో బాగుందా అని అడిగి, లేనివాళ్ల పేర్లు చెరిపేస్తుందట. ఒక పేరు మీద వేలు పెట్టి ఫోను చేసింది.

“అక్సా, ఎక్కడున్నావమ్మా? తిన్నావా? అయితే వచ్చెయ్.”

దాత దొరకడానికి మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. అక్సా అనే బడి పంతులమ్మ అరగంటలో స్కూటీ మీద వచ్చింది. పరీక్షలయ్యాయి, రక్తం ఎక్కింది, ఆపరేషనూ అయింది. సాయంత్రానికి సన్యాసిరాజుకు ఆడపిల్ల. తల్లి కళ్లు తెరిచిందని నర్సు చెప్పగానే అతను గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“మీరు కూడా వచ్చేరు. అదే సాలు బాబూ.”

అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

వెళ్లేముందు దీవెనమ్మను అడిగాను. “అమ్మా, ఈ పుస్తకాన్ని మా సైటులో ఎక్కిద్దాం. అందరికీ అందుతుంది.”

“ఇప్పుడు మీకు అందింది కదా బాబూ,” అని ఆవిడ పుస్తకం సొరుగులో పెట్టేసింది.

ఇంటికొచ్చి శ్రీరామ్మూర్తి గారి పేరు తీసేశాను. నాలుగున్నరేళ్లలో నేను సైటుకు చేసిన మొదటి మరమ్మతు అది. మూడు నిమిషాలు పట్టింది.

జరిగింది విని గురునాథరావు గారి సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మరుసటి సభలో ముఖ్య ప్రసంగం దీవెనమ్మగారిదేనని తీర్మానించింది. ఆహ్వానం నేనే పట్టుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అంతా చదివింది.

“నాను అక్కడ నిలబడి మాటాడతా ఉంటే, ఇక్కడ ఫోన్లు ఎవులు సేత్తారు?”

సంఘం విచారం వెలిబుచ్చింది. అయితే ఇంత మంచి విషయం వృథా కాకూడదని, ఆవిడ తరఫున నన్ను మాట్లాడమంది. ఈసారి నలభై నిమిషాలు ఇచ్చారు.