ఖాళీ కుర్చీలకు కాపలా

బంగారమ్మ సంచీ సర్దితే అది ప్రయాణానికో వలసకో చూసేవాళ్ళకు అర్థం కాదు. ఆ శనివారం పొద్దున్న సింగపూర్ వుడ్‌ల్యాండ్స్‌లోని తన ఫ్లాట్‌లో పక్కింటి ఇఫ్తేఖార్ కోసం ఆమె సర్దుతున్న సంచీలోకి అప్పటికే పసిబిడ్డ చొక్కాలు ఆరు, పాలలో కలిపే మైలో పొడి డబ్బా ఒకటి, తలనొప్పి నూనె సీసాలు నాలుగు, టిష్యూ పొట్లాలు పది చేరాయి.

"ఆంటీ, నేను పోయేది పది దినాలకే. గిన్ని ఎందుకు?" అన్నాడు గుమ్మంలో నిలబడిన ఇఫ్తేఖార్.

"ఎళ్ళేటప్పుడు అందరూ అలాగే అంటారు నానా. ఇంతకీ మీ ఆఫీసరు లీవిచ్చేడా?"

"ఇంకా ఇయ్యలే."

"మరి టికెట్టు?"

"కొన్న. ఇయ్యాల సాయంత్రం ఏడింటికి."

బంగారమ్మ చెయ్యి సంచీలోనే ఆగిపోయింది.

ఇఫ్తేఖార్ హైదరాబాదువాడు. చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఒక బ్యాంకు ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాడు. తొలి కాన్పుకని భార్య అరీబా హైదరాబాదు వెళ్ళింది. ఇవాళో రేపో అంటున్నారు డాక్టర్లు. కానీ అది 1999 నవంబరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడతాయని ఆఫీసులో సెలవులన్నీ ఆపేశారు. అది పైకి చెప్పే కారణం. అసలు కారణం విభాగాధికారి జనార్ధనరావు కడుపులో ఉంది. కిందటేడు సెలవు మీద వెళ్ళిన ముగ్గురు వేరే కంపెనీల్లో చేరిపోయి, రాజీనామాలు ఫ్యాక్సులో పంపారు. అప్పటినుంచీ ఎవరు సెలవడిగినా ఆయనది ఒకటే జవాబు: "వెళ్ళినవాళ్ళు రారండీ."

"ఇయ్యాల అడుగుతున్నం గద ఆంటీ. నోటితోని కాదు, పాటతోని," అన్నాడు ఇఫ్తేఖార్. ఆ మధ్యాహ్నం బ్యాంకు వార్షికోత్సవం. ఉద్యోగులే పద్నాలుగు మంది కలిసి పాశ్చాత్య సంగీత కచేరీ పెట్టుకున్నారు. స్కూలు బ్యాండులో నేర్చిన పుణ్యాన ఇఫ్తేఖార్ అందులో హార్న్ అనే ఇత్తడి బూర ఊదుతాడు. "హేడన్ అని ఒక పెద్దాయన రాసిండు. రెండొందల ఏండ్ల కిందటి పాట. సార్ చివరిదాక విన్నడంటే పని అయితది. మిగిలింది శాంతిని చెప్తది."

అలా అని రిహార్సల్‌కు పరుగెత్తాడు.

శాంతిని బంగారమ్మ మనవరాలు. స్కూల్లో వయొలిన్ నేర్చుకుంటోంది కాబట్టి దారి పొడుగునా రైల్లో చెబుతూనే ఉంది. మొజార్ట్ అంతటివాడు హేడన్‌ను తండ్రిలా చూసుకున్నాడని చెప్పింది. బీతోవెన్ అంతటివాడు ఆయన దగ్గర పాఠాలు నేర్చుకున్నాడని చెప్పింది. తీరా ఆయన ఒక రాజుగారి కొలువులో చేసిన చమత్కారం దగ్గరికి వచ్చేసరికి బంగారమ్మకు కునుకు పట్టింది.

"అమ్మమ్మా, వింటున్నావా?"

"కళ్ళు మూసుకుని వింటన్నాను."

ఆ కునుకే కొంప ముంచింది.

ఆఫీసు హాల్లో ముందువరుసలో జనార్ధనరావు చిన్న నోటుపుస్తకం, పెన్నూ పట్టుకుని కూర్చున్నాడు. చివర్లో వందన సమర్పణ ఆయనదే. వెనకవరుసలో బంగారమ్మ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టాక్సీ పిలిచి ఉంచుతానని శాంతిని బయటికి వెళ్ళింది.

పాట మొదట గట్టిగా ఉరికింది, తరవాత నెమ్మదించింది. బంగారమ్మ తల కూడా ఊపింది. అంతలో ఇఫ్తేఖార్ లేచాడు. కాగితాల స్టాండుకున్న చిన్న దీపం ఆర్పి, హార్న్ చంకలో పెట్టుకుని తలుపులోంచి వెళ్ళిపోయాడు. పాట ఇంకా సాగుతోంది. చివరిదాకా వింటే కదా పని అయ్యేది, ఊదేవాడే మధ్యలో లేచిపోతే ఎలా? ఆమె ఇంకా తేరుకోకముందే సన్నాయిలాంటిది ఊదే మలాయ్ అమ్మాయి కూడా దీపం ఆర్పి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే జనార్ధనరావు నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నాడు.

"పేర్లు రాస్తన్నాడు," అనుకుంది బంగారమ్మ. అంటే ఉద్యోగాలు ఊడుతున్నాయన్నమాట, ఒక్కొక్కటిగా, అందరి కళ్ళెదుటా.

ఖాళీ కుర్చీ సంగతి ఆమెకు బాగా తెలుసు. ఈ ఊళ్ళో ఖాళీ కుర్చీ ఎంతోసేపు ఖాళీగా ఉండదు. చవక తిండికొట్లుండే హాకర్ సెంటర్లో మన కుర్చీ మనకే ఉండాలంటే దాని మీద టిష్యూ పొట్లం పెట్టి వెళ్ళాలి. దాన్నే చోప్ అంటారు. పొట్లం ఉన్న కుర్చీలో ఎంతటి మొనగాడూ కూర్చోడు. బంగారమ్మ సంచీ ఎత్తుకుని పక్కమెట్ల మీదుగా వేదిక ఎక్కింది.

ముందు ఇఫ్తేఖార్ కుర్చీ మీద ఒక పొట్లం పెట్టింది. తరవాత మలాయ్ అమ్మాయి కుర్చీ మీద. మూడో మనిషి లేవబోతుంటే భుజం పట్టుకుని, "కూకో నానా, నీ తప్పేటి లేదు," అంది. ఆ చైనా పెద్దమనిషి ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని, వంగి నమస్కరించి మరీ వెళ్ళాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని మిగిలినవాళ్ళు ఇంకా హుందాగా లేవసాగారు. పొట్లాలు పదీ అయిపోయాయి. పదకొండో కుర్చీ మీద మైలో డబ్బా, పన్నెండో దాని మీద తలనొప్పి నూనె పెట్టింది. చివరికి ఇద్దరే వయొలిన్లు వాయించి, వాళ్ళూ దీపాలార్పి వెళ్ళిపోతే, ఆ రెండు కుర్చీలకూ నూనె సీసాలే దిక్కయ్యాయి.

జనార్ధనరావు మైకు పట్టుకుని వేదికెక్కాడు. చప్పట్లు ఆగేదాకా కాస్త కూర్చుందామని దగ్గరున్న కుర్చీలోని పొట్లం తియ్యబోయాడు.

"ముట్టుకోకు. అది ఇఫ్తేఖార్‌ది."

మైకు ఆన్‌లో ఉంది. హాలంతా విన్నది.

"ఎవరమ్మా మీరు?"

"ఎవురైతే నీకేటి. పొట్లం కనబళ్ళేదా?"

"ఆయన లేచి వెళ్ళిపోయాడు కదండీ."

"ఎళ్ళినోడు రాడని రాసిపెట్టుందా? పెళ్ళాం పురిటికి ఎళ్తాడు, బిడ్డని సూసొస్తాడు. అందాకా ఈ కుర్చీ ఆడిదే. అదీ అంతే, ఆ మైలోదీ అంతే."

జనార్ధనరావు చీకట్లో కుర్చీలన్నీ కలయజూశాడు. తన నోటుపుస్తకం చూసుకున్నాడు. అందులో రాసుకున్నది ఒక్కటే ముక్క: "వాయిద్యకారులు కరెంటు పొదుపు చేస్తున్నారు. అభినందించాలి."

అప్పుడే శాంతిని పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మా, వాళ్ళు వెళ్ళడం పాటలోనే ఉంది. రైల్లో చెప్పాను కదా." ఇక దాచి లాభం లేదని మైకులోనే మొత్తం చెప్పేసింది. "రాజుగారు లీవ్ ఇవ్వలేదు అంకుల్. ఊళ్ళో భార్యలు ఎదురుచూస్తున్నారు. అందుకే హేడన్ ఒక్కొక్కరూ లేచిపోయేలా పాట రాశాడు. రాజుగారికి అర్థమైంది. మర్నాడే అందర్నీ పంపించేశాడు."

తలుపు దగ్గర పద్నాలుగు మందీ గుమిగూడారు.

"పంపించాడు సరే," అన్నాడు జనార్ధనరావు. "తిరిగొచ్చారా?"

"వచ్చారు అంకుల్. హేడన్ అయితే ఆ కొలువులో సుమారు ముప్పై ఏళ్ళు పనిచేశాడు."

"ముప్పై ఏళ్ళా?" ఆయన కింద పదమూడు నెలలు దాటి పనిచేసినవాడు లేడు. పాటకు కరగని మనసు ఆ లెక్కకు కరిగింది. నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, ఇఫ్తేఖార్‌ను పిలిచి, సెలవు రాసి సంతకం పెట్టాడు. మిగతావాళ్ళకు వంతులవారీగా ఇస్తానన్నాడు.

ఇఫ్తేఖార్ కాగితం చేత్తో పట్టుకుని, "పోయొస్త ఆంటీ," అన్నాడు. బంగారమ్మ సంచీ వాడి భుజానికి తగిలించి తలుపుదాకా తోసింది.

తిరిగొచ్చి చూస్తే జనార్ధనరావు వేదిక మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, కుర్చీలన్నీ నిండినట్టే కాబట్టి.

"నువ్వెప్పుడెళ్ళేవు నానా మీ ఊరు?"

ఆయన చాలాసేపు వేళ్ళు మడిచాడు. "ఆరేళ్ళైందండీ. అమ్మ గుడివాడలో ఉంది."

"మరి నీకు లీవెవరిస్తారు?"

"నేనే," అన్నాడాయన, అప్పుడే తట్టినట్టు.

ఇఫ్తేఖార్ వెళ్ళిన నాలుగో రోజున కూతురు పుట్టింది. తూబా అని పేరు పెట్టి, చెప్పిన తేదీకే వచ్చాడు. మలాయ్ అమ్మాయి వచ్చింది, చైనా పెద్దమనిషి వచ్చాడు, మిగతావాళ్ళూ అందరూ వచ్చారు. జనార్ధనరావు 1999 డిసెంబరు పన్నెండున గుడివాడ వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.