ప్రణాళికాబద్ధమైన ఎండ

ఇకమీదట రాష్ట్రంలో వృద్ధులెవరికీ చూపు పోదని ఉపమంత్రి పద్మనాభయ్యగారు మా పాలెంలో ప్రకటించారు. అది మూడో ప్రణాళిక మొదటి సంవత్సరం. ఇంతటి ప్రకటనకు రాజధానిని కాదని, వాకాడుకు తూర్పున ఇసకలో ఉన్న నలభై గుడిసెల చేపలవాళ్ళ పాలేన్ని ఎన్నుకోవడం ఆయన పెద్దమనసు. అక్కడ నేను బడిపంతులును. మంత్రిగారి మెడలో దండ వేసినవాణ్ణి నేనే.

"ముసలితనంలో కంటికి వచ్చే రోగాలన్నిటికీ మూలం విటమిన్ డి కొరత," అన్నారాయన పందిరి నీడలో నిలబడి. "విమానంలో నా పక్కన కూర్చున్న ఒక విదేశీ మేధావి ఈ రహస్యం చెప్పాడు. విటమిన్ డి ఎండలో ఉంది. ఎండను మనం దిగుమతి చేసుకోనక్కరలేదు."

ఎదురుగా ఎండలో కూర్చున్న ముసలి వెంకయ్య లేచాడు.

"మేము పుట్టినకాడ్నుంచీ ఎండలోనే ఉండాం గదా సామీ?"

మంత్రిగారు జాలిగా నవ్వారు. "అది ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు కాచుకున్న ఎండ. ఇది ప్రణాళికాబద్ధమైన ఎండ."

ఇంత స్పష్టమైన జవాబు నేను అంతకుముందు వినలేదు. అందరం చప్పట్లు కొట్టాం.

మా పాలెంలో చూపు మందగించినవాళ్ళు పన్నెండుమంది. కావలిలో జరగబోయే కంటి ఆపరేషన్ల శిబిరానికి వాళ్ళ పేర్లు అప్పటికే నేను రాసి పంపి ఉన్నాను. పదకొండో పేరు మాలకొండమ్మది. ఆమె చేపల్ని చీల్చి ఉప్పులో వేసే మనిషి. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర. కత్తి ఎక్కడుందో చేత్తో తడిమి తెలుసుకుంటుంది కాబట్టి ఎడమచేతికి ఎప్పుడూ రెండు మూడు గుడ్డపీలికలు చుట్టి ఉండేవి.

"ఇంకో నెల ఇట్టానే పోతే మాయమ్మ చేపలతోపాటు చేతి ఏళ్ళు కూడా ఉప్పులో ఏసేస్తాది అయ్యోరా. కావలికి తొందరగా పంపించు," అని ఆమె కూతురు చెంచమ్మ రోజూ బడి గుమ్మం దగ్గరికి వచ్చి అడిగేది.

పథకానికి స్పెషల్ ఆఫీసరుగా వచ్చిన ఆనందబాబుగారు ఆ జాబితాను తన ఫైల్లో పెట్టుకున్నారు. నలభై రోజుల పథకం పూర్తయ్యాక పరీక్ష చేసి, చూపు రానివాళ్ళను మాత్రమే కావలి వ్యాన్ ఎక్కిస్తామన్నారు. వ్యాను రావడం ఒక్కసారే.

పథకం గొప్పగా నడిచింది. ఉదయం తొమ్మిదికి విజిల్. పన్నెండుమందీ బెంచీల మీద తూర్పుకు తిరిగి కూర్చోవాలి. పదకొండుకు మళ్ళీ విజిల్. పడమటికి తిరగాలి. హాజరు నేను వేసేవాణ్ణి. చేపలు చీల్చడానికీ వలలు బాగుచేయడానికీ ఎండలోకి పోవలసినవాళ్ళు, పథకం ఎండలో కూర్చోవలసి రావడంతో ఆ పనులు మానుకున్నారు. మధ్యాహ్నం కాంపౌండర్ హెబ్రోను తలా ఒక చెంచా సొరచేప నూనె పోసేవాడు. వెంకయ్య దాన్ని వాసన చూసి మొహం చిట్లించాడు.

"ఇది మా సొరే. మొన్న లారీ ఎక్కించినాం. సీసాలో పోసి మళ్ళా మాకే తెచ్చినారా?"

"మింగవయ్యా, గవర్నమెంటు సీలు పడింది," అన్నాడు హెబ్రోను.

నలభై ఒకటో రోజు పరీక్ష. ఆనందబాబుగారు అక్షరాల అట్ట తెచ్చారు. పన్నెండుమందిలో ఒక్కరికీ అక్షరం రాదు. ఆయన స్థానిక వనరులను వినియోగించాలని నిర్ణయించి, అట్టను పక్కన పెట్టి సముద్రం వైపు చెయ్యి చూపారు.

"అదుగో, ఒక తెప్ప వస్తోంది. ఎవరిదో చెప్పండి."

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. మా పాలెంలో ఒడ్డున కూర్చున్న పెద్దవాళ్ళను వచ్చే తెప్ప ఎవరిదని అడగడం మర్యాద. తెలియదనడం ఎక్కడా లేదు. తెలియదన్నవాళ్ళని ఆ తర్వాత ఎవరూ ఏదీ అడగరు.

మాలకొండమ్మ మెడ కొంచెం పక్కకు వంచింది. మొగుడి తెప్పకు ఎదురొచ్చిన మాల్యాద్రి భార్య ఆమె వెనక గంప ఇసకలో పెట్టిన చప్పుడు నాకూ వినిపించింది.

"మాల్యాద్రిది," అంది మాలకొండమ్మ.

ఆనందబాబుగారు కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. మళ్ళీ తుడుచుకున్నారు. తెప్ప ఒడ్డుకు వచ్చింది. మాల్యాద్రి దిగాడు.

"అద్భుతం! నాకే కనపడలేదు, ఆమెకు కనపడింది. రాయండి మేష్టారూ."

చెంచమ్మ తల్లి భుజం పట్టి ఊపింది. "ఏందమ్మా నువ్వు! కనపడలేదని చెప్పు. కావలికి పోవద్దా?"

"ఎవురి తెప్పో తెలవదని చెప్పమంటావా? సముద్రం ముందర కూసోని?" మాలకొండమ్మ గొంతులో నిజమైన కోపం ఉంది. "అంత కాని కాలం నాకింకా రాలేదులేవే."

మిగతా పదకొండుమందీ ఆమెకు తీసిపోలేదు. వెంకయ్య అయితే తెప్ప పేరుతోపాటు అందులో ఏం పడిందో కూడా చెప్పాడు.

"మేష్టారూ, మీరు సాక్షి కదా?" అన్నారు ఆనందబాబుగారు.

గంప చప్పుడు సంగతి చెప్పాలనే ఆలోచన నాలో పుట్టింది. దాన్ని ఎంతో ఆసక్తితో గమనించాను కూడా. అది గొంతుదాకా రావడం, అక్కడ ఆఫీసరుగారి మొహం చూసి ఆగడం, ఆగినందుకు నాలో ఎవరో ఊపిరి పీల్చుకోవడం. నేనింకా గమనిస్తుండగానే "అవునండీ" అనే మాట బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడు కావలి వ్యాను వచ్చి, ఎక్కించుకోవడానికి ఎవరూ లేక వెళ్ళిపోయింది. నూటికి నూరుపాళ్ళు విజయం అని పత్రికలో పడింది.

ఆ వారంలోనే ఆనందబాబుగారు బడిలో బల్ల వేసుకుని అందరి దగ్గరా ధ్రువపత్రాలు తీసుకున్నారు. 'నాకు చూపు స్పష్టంగా ఉన్నది, ఆపరేషన్ అవసరం లేదు' అని అందులో ఉంది. మాలకొండమ్మను చెంచమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"కావలికి ఎప్పుడు తీసకపోతారు సామీ?" అని అడిగింది మాలకొండమ్మ.

"పరీక్ష గెలిచావు కదమ్మా, ఇంకా కావలి ఎందుకు?"

"అది తెప్ప సంగతి గదా. నేనడిగేది కళ్ళ సంగతి."

"ముందు వేలిముద్ర వెయ్యమ్మా. తర్వాత మాట్లాడదాం."

హెబ్రోను ఆమె బొటనవేలికి సిరా పూశాడు.

"ఏడ ఎయ్యాల?"

"ఇదుగో, నీ ఎదురుగానే."

మాలకొండమ్మ వేలిని బల్ల చెక్క మీద, కాగితానికి జానెడు దూరంలో, గట్టిగా ఒత్తిపెట్టింది. ఆనందబాబుగారు ఎంతో మర్యాదగా ఆమె వేలిని పైకెత్తి, కాగితాన్ని జరిపి దాని కిందికి తెచ్చారు.

ముద్ర చక్కగా పడింది. దాని కింద 'నా సమక్షంలో వేసినది' అని రాసి నేను సంతకం చేశాను.