వంగపండు రంగు కేసు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ పక్కనున్న చీరల దుకాణంలో గత సోమవారం నుంచి వంగపండు రంగును నిషేధించడమైనది. చీరలు యథాప్రకారం దొరుకుతాయి. పేరు మాత్రమే దొరకదు.

కారణం సేల్స్ కౌంటర్‌లోని అమల. ఆమెది నల్గొండ జిల్లాలో నూలుకు రంగులద్దే ఇల్లు. కర్మన్‌ఘాట్ నుంచి కోడలితో వచ్చిన కృష్ణకుమారి గారికి ఓ చీర విప్పి, "గిది వంగపండు రంగు మేడం, అంచేమో మామిడి చిగురు" అనేసింది.

కృష్ణకుమారి గారు మండిపడ్డారు. "కోడలి ముంగట గసొంటి పల్లెటూరి మాటలా? నాకు తెలుసనుకున్నదా ఏంది?" అని ఫిర్యాదు చేశారు. తెలుసనుకోవడమే పెద్ద నేరమని విచారణలో తేలింది.

మేనేజర్ జోగారావు గారు కోనసీమ మనిషి, భాషాభిమాని. "భాష మనకు తల్లమ్మా! తల్లిని ఇంట్లో పూజించుకుంటాం గానీ కౌంటర్‌లో కూర్చోబెడతామా? సామాన్యులకు అర్థమయ్యే మాటలు వాడాలి" అని ఉపన్యసించి, నలభై సులభ పదాల జాబితా చేతికిచ్చారు. మావ్, టీల్, ఫ్యూషియా, సెరులియన్ వగైరా ఇంగ్లీషు రంగులు. వారంలో నోటికి రాకపోతే ఉద్యోగం ఉండదు.

అమలకు ఎల్బీ నగర్‌లో కిరాయి గది, మంచం పట్టిన నాన్న. ఆ ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. పాపం, ఆ పిల్ల బస్సులో నిలబడి కూడా బట్టీ పట్టింది. ఆ మాటలు ఒక్క కస్టమర్‌కూ అర్థం కాలేదు, ఒక్కరూ కోప్పడలేదు. అందరూ హాయిగా తలలూపారు.

ఏడో రోజు కృష్ణకుమారి గారు మళ్ళీ వచ్చారు. జోగారావు గారు పరీక్షాధికారిలా పక్కనే నిలబడ్డారు.

"గిదేం కలరు?" అని కృష్ణకుమారి గారు ఓ చీర చూపించారు.

అమలకు నలభై పదాలూ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. గుర్తొచ్చిన ఇంగ్లీషు మాట ఒక్కటే, పొద్దున నాన్నకు వేసిన బీపీ గోలి పేరు.

"టెల్మిసార్టాన్ మేడం."

"అబ్బ, నేను గదే అనుకుంటున్న!" అన్నారు కృష్ణకుమారి గారు. "చూసినవా, గిప్పుడు గిదే నడుస్తున్నది" అని కోడలికి బోధించారు. జోగారావు గారు దాన్ని జాబితాలో నలభై ఒకటోదిగా రాసుకున్నారు. అమల ఉద్యోగం నిలిచింది.

పక్కనే చీర చూసుకుంటున్న సైదాబాద్ సోమమ్మ మాత్రం, "గది బీపీ గోలి గాదా బిడ్డా? నేను రోజూ మింగుత" అంది. దుకాణమంతా ఆమెను జాలిగా చూసింది. "తప్పయింది, నాకు సదువు రాదు" అని ఆమె కూడా అదే రంగు చీర కొనుక్కుంది.

నేనూ అక్కడే ఉన్నాను. ఆ గోలి నేనూ వేసుకుంటాను. నోరు విప్పకుండా, మా ఆవిడకు ఒక టెల్మిసార్టాన్ చీర తెచ్చాను.